గాయం మానిన తర్వాత: వైకల్య నిర్ణయ చరిత్ర

రామంతాపూర్ పక్కనే ఉన్న ఉప్పల్, నాచారం పారిశ్రామికవాడల్లో పనిచేసేవారు మీలోనూ ఉండవచ్చు. యంత్రంలో నలిగిన చేతి గాయం కొంతకాలానికి మానుతుంది. కాని పట్టు మునుపటిలా రాదు. చికిత్సతో ఇక మెరుగుపడని ఈ దశను చట్టం ఎలా చూసిందో పరిశీలిద్దాం.

1924 జూలై 1న అమల్లోకి వచ్చిన కార్మికుల నష్టపరిహార చట్టం (1923) వైకల్యాన్ని తాత్కాలికం, శాశ్వతం అని విభజించింది. కోలుకునే కాలానికి పదిహేను రోజులకోసారి చెల్లింపు, మిగిలిపోయిన లోపానికి ఒకేసారి పరిహారం. ఈ భారం యజమానిదే.

1948 నాటి ఇ.ఎస్.ఐ. చట్టం ఈ బాధ్యతను బీమా పరిధిలోకి తెచ్చింది. డాక్టరు ఫైనల్ సర్టిఫికెట్ ఇచ్చాక తాత్కాలిక భృతి ఆగుతుంది. లోపం మిగిలితే, సంపాదన శక్తి ఎంత శాతం తగ్గిందో మెడికల్ బోర్డు నిర్ణయిస్తుంది. ఆ శాతాన్ని బట్టి జీవితాంతం భృతి లభిస్తుంది. షెడ్యూలు ప్రకారం బొటనవేలు పోతే 30 శాతం.

అయితే ఒకే గాయం అందరి జీవనోపాధినీ ఒకేలా దెబ్బతీయదు. ఎడమచేయి మోచేతి పైవరకు కోల్పోయిన ఒక వడ్రంగి కేసులో సుప్రీంకోర్టు 1975లో ఈ విషయాన్నే గుర్తించింది. ఒంటిచేత్తో వడ్రంగం సాగదు కనుక అతనిది సంపూర్ణ వైకల్యమేనని తీర్పు చెప్పింది.

కాబట్టి గమనించండి: ఫైనల్ సర్టిఫికెట్ చికిత్సకు ముగింపే తప్ప హక్కుకు ముగింపు కాదు. బోర్డు నిర్ణయం నచ్చకపోతే అప్పీలు చేసుకోవచ్చు.

మీ ప్రగతిని పరీక్షించుకోండి: శారీరక లోపానికి, సంపాదన శక్తి నష్టానికి గల తేడాను వివరించండి.