గాలిలో లేసరు రవ్వ – రేడియో తరంగములు

మానవుడు రేడియో తరంగములను మొట్టమొదట పుట్టించినది రవ్వతోనే. 1888 నాటికి జర్మనీలో హెర్ట్జ్, రెండు లోహపు గోళముల నడుమ విద్యుత్తును రవ్వగా దుమికించి, దూరముననున్న తీగ వలయములో మరియొక చిన్న రవ్వను కనుగొనెను. 1895లో జగదీశ చంద్ర బోసు కలకత్తాలో రవ్వ సాయముతోనే, అంతకంటె చాల పొట్టివైన తరంగములను పదిమందికి ప్రదర్శించెను. తరువాత రేడియో వాల్వులు రాగా, ప్రసారమునకు రవ్వతో పనిలేకపోయినది.

ఆ రవ్వ మరియొక రూపమున తిరిగి వచ్చినది. 1960 మే 16న అమెరికాలో మైమన్ కెంపు కడ్డీతో మొదటి లేసరును వెలిగించెను. బలమైన లేసరు స్పందమును కటకముతో ఒక బిందువున కేంద్రీకరించినచో గాలిలోనే రవ్వ పుట్టునని 1963లో వెల్లడియైనది. అచ్చట తీగలు లేవు, గోళములు లేవు. కాంతి, గాలి మాత్రమే కలవు.

ఇది ఎట్లు జరుగును? తీవ్రమైన కాంతి, గాలి అణువులనుండి ఎలక్ట్రానులను ఊడదీయును. ఎలక్ట్రానులు, అయానులు కలగలసిన ఈ వేడి వాయువే ప్లాస్మా. ఎలక్ట్రానులు మిక్కిలి తేలిక. అవి త్వరగా కదలును. అయానులు బరువైనవి, అవి వెనుకబడును. ఇట్లు ధన, ఋణ ఆవేశములు ఎడమైనచోట విద్యుత్ ద్విధ్రువము ఏర్పడును. ఆ ద్విధ్రువము ఊగులాడినప్పుడు విద్యుదయస్కాంత తరంగములు వెలువడును. హెర్ట్జ్ పరికరములోని రహస్యమును ఇదియే.

హైదరాబాదునుండి పటాన్‌చెరు, సంగారెడ్డి దిక్కునకు సాగు పాత బొంబాయి రోడ్డు ప్రాంతమున, గచ్చిబౌలిలో, హైదరాబాదు విశ్వవిద్యాలయము కలదు. అచ్చటి పరిశోధకులు ఈ రవ్వ వెలువరించు తరంగములను 30 నుండి 1,000 మెగాహెర్ట్జ్ వరకు కొలిచి, 2016లో ఫలితములను ప్రకటించిరి. వారు నానోసెకండు, పికోసెకండు స్పందములను రెంటిని ఉపయోగించిరి. నానోసెకండనగా సెకండులో నూరు కోట్లవ వంతు. పికోసెకండు అందులో వెయ్యవ వంతు.

వారు రెండు సంగతులు తేల్చిరి. మొదటిది: తరంగముల బలము దిక్కును బట్టియు, దూరమును బట్టియు మారు తీరు, పాఠ్యగ్రంథములలోని ద్విధ్రువ సూత్రముతో సరిపోయినది. దూరము రెట్టింపైనచో బలము నాల్గవ వంతగును. రెండవది: కాంతి తీవ్రతను పెంచిన కొలది రేడియో తరంగములును పెరుగుచునే యుండునని ఎవరైన తలంతురు. కాని అట్లు జరుగలేదు. ఒక మేరవరకు పెరిగి, ఆపైన తగ్గినవి. తీవ్రత హెచ్చినప్పుడు ఎలక్ట్రానులు, అయానులు మరల వేగముగ కలసిపోవుటచే ద్విధ్రువముల ఊపు అణగిపోవునని వారు వివరించిరి.

ఈ జ్ఞానమునకు ప్రయోజనమేమి? తీగ చొరలేని చోట కూడ లేసరుతో రవ్వను పుట్టించి, అది వెలువరించు తరంగములను బట్టి ప్లాస్మా స్థితిని దూరమునుండియే తెలిసికొనవచ్చును. ఇంకను పొట్టి స్పందములతో టెరాహెర్ట్జ్ తరంగములను గాలిలోనే పుట్టించు పద్ధతిని కుక్, హాక్‌స్ట్రాసర్ 2000లో చూపిరి. కాని ఇందు చిక్కును కలదు. 88–108 మెగాహెర్ట్జ్ నడుమ ఎఫ్.ఎం. రేడియో నడచుచున్నది. కావున రవ్వ పలుకును, రేడియో కేంద్రము పలుకును వేరుపరచుట పరిశోధకుని మొదటి పని. ప్రయోగశాలలోని సున్నితమైన పరికరములకు ఈ రవ్వయే అలజడి కలిగింపవచ్చును.

ఇందలి మూల సూత్రమును తరగతిలోనే చూపవచ్చును. మీడియం వేవ్ రేడియోను ఏ కేంద్రమును పలుకని చోట ఉంచి, దాని చెంత గ్యాసు పొయ్యి వెలిగించు లైటరును నొక్కినచో, ‘టక్కు’మను చప్పుడు వినవచ్చును.