పాలమూరు బాటలు - ఒంటరి బాటసారులు

బాటసారికి దాహము తీర్చుట మన పెద్దల దృష్టిలో దేవతార్చనతో సమానమైన పని. వేసవిలో చలివేంద్రము పెట్టించుట, బాటప్రక్క బావి త్రవ్వించుట, మఱ్ఱి నాటించుట, సత్రము కట్టించుట ఇవి యన్నియు పుణ్యకార్యములలో చేరినవి. తడిదేశములో ఇవి సౌకర్యములు మాత్రమే. మెట్టదేశములో ఇవి లేనిదే బాట అను మాటకే అర్థము లేదు. గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు ప్రాంతముల బాటల చరిత్రను తిరుగవేసినచో ఈ సంగతి మనకు స్పష్టమగును.

ఈ మూడును 2016 అక్టోబరు 11వ తేదీన వేఱువేఱు జిల్లాల కేంద్రములైనవి. అంతకుముందు ఈ భూములన్నియు మహబూబునగరు జిల్లాలోనివి. ప్రజల నోట దాని పేరు పాలమూరు. ఇది ఎడారి కాదు. కృష్ణ, తుంగభద్ర రెండును ఈ నేలను ఒరసికొని పారుచున్నవి. ఆ రెండు నదుల నడుమనున్న గద్వాల, అలంపురముల సీమను నడిగడ్డ యనియే పిలుతురు. కాని నదులు పల్లమున పారును, చేలు మెరకన నుండును. పడమటి కనుమలను దాటి వచ్చుసరికి నైరుతి మేఘములలో తడి తరిగిపోవును. అందుచేత ఏటి ఒడ్డున నుండియు ఏటి నీటికి నోచుకొనని ఊళ్ళు ఇచ్చట తరతరములుగా ఉండెను. వనపర్తి సంస్థానాధీశుడు రాజా రామేశ్వరరావు పూనికతో 1949లో శంకుస్థాపన జరిగి, 1959లో ప్రారంభమైన సరళాసాగరము ఈ దాహమునకు చెప్పిన సమాధానములలో ఒకటి. నీరు నిండినంతనే, మనుష్యుని చేయి తగులకుండ, తనంత తానే వెలికి దూకు సైఫన్ల పద్ధతిలో దానిని నిర్మించిరి.

ఈ బాటలపై నడచి, చూచినది చూచినట్లు తెలుగున వ్రాసిపెట్టిన మహనీయుడు ఏనుగుల వీరాస్వామయ్య. మద్రాసు సుప్రీముకోర్టులో దుభాషిగా పనిచేసిన ఆయన 1830 మే 18న కాశీకి బయలుదేరి, 1831 సెప్టెంబరు 3న తిరిగి ఇల్లు చేరెను. శ్రీశైలదర్శనము చేసికొని, కృష్ణను దాటి, పానుగల్లు, వనపర్తి మీదుగా హైదరాబాదు చేరినది ఈ యాత్రలోనే. మజిలీ మజిలీకి దూరమెంత, బాట ఎట్టిది, నీరు దొరకునా, అంగళ్ళున్నవా అను విషయములను ఆయన శ్రద్ధతో గుర్తించెను. ఆ వ్రాతలను మిత్రుడు కోమలేశ్వరపురము శ్రీనివాసపిళ్ళ సేకరింపగా, వీరాస్వామయ్య మరణించిన రెండేండ్లకు, 1838లో, కాశీయాత్రచరిత్ర అచ్చుపడెను. వెనుక వచ్చు యాత్రికుడు దారితప్పకుండుటకు ముందువాడు చేసిన ఉపకారముగా మేము ఆ గ్రంథమును భావింతుము.

వీరాస్వామయ్యది ఒంటరి ప్రయాణము కాదు. పరివారమున్నది, డేరాలున్నవి, పల్లకి యున్నది. పల్లకి యున్నచోట బోయీలుందురు. ఆ యెండలో, ఆ రాళ్ళబాటలో భుజము మార్చుకొనుచు నడచినవారు వారు. వారు ఏమి చూచిరో, ఎచ్చట నీడకు కూర్చుండిరో వ్రాసినవారు లేరు. బాటల చరిత్రలో సగము ఈ విధముగా వ్రాయబడక పోయినది.

ఆనాడు కృష్ణను దాటించినది పుట్టి. వెదురుబద్దలతో గుండ్రముగా అల్లి, వెలుపల తోలు కప్పిన ఆ బుట్టను ప్రవాహములో తిరిగిపోకుండ నడపుట పుట్టివాని నేర్పు. ఎంతటి యాత్రికుడైనను ఆ కొంతసేపు అతని చేతిలోనివాడే. 1980ల నాటికి శ్రీశైలజలాశయము నిండుటతో ఆ రేవులు, ఆ తీరపుబాటలు పెక్కు నీట మునిగెను. కూడలి సంగమేశ్వరాలయమును రాయి రాయిగా విప్పి అలంపురమున తిరిగి నిలిపిరి. సోమశిల, జటప్రోలు ఆలయములును మెరకకు తరలెను. రాళ్ళకు అంకెలు వేసి క్రమము తప్పకుండ పేర్చవచ్చును. ఊరిని అట్లు పేర్చుట సాధ్యము కాదు. పొలము, పొరుగు, రేవు విడిచి కదలినవారి ప్రయాణము కూడ ఈ చరిత్రలోని భాగమే.

తూర్పున నల్లమల కలదు. శ్రీశైలమునకు ఉత్తరద్వారమని పేరుగన్న ఉమామహేశ్వరము అచ్చంపేట చేరువనున్నది. ఆ దాపుననే అమరాబాదు పీఠభూమి. చైత్రపూర్ణిమకు సలేశ్వరము జాతర జరుగును. జనులు గుట్టలు దిగి, లోయలోని జలపాతము చెంతనున్న స్వామిని దర్శింతురు. అడవిలో దారి చెప్పువారు చెంచులు. ఆస్ట్రియా దేశీయుడైన మానవశాస్త్రజ్ఞుడు క్రిస్టోఫ్ ఫాన్ ఫ్యూరర్ హైమెన్‌డార్ఫ్ 1940లో ఈ కొండలలో చెంచుల నడుమ నివసించి, వారి జీవితమును పరిశీలించి, 1943లో గ్రంథము ప్రకటించెను. అంతటి పండితునకును చెలమ యెచ్చట, కాలిబాట యెచ్చట అను పాఠము నేర్పవలసినది ఆ చెంచులే గదా!

ఇక సైకిలు. థామస్ స్టీవెన్స్ అను సాహసి 1884లో శాన్‌ఫ్రాన్సిస్కోలో బయలుదేరి, పెద్దచక్రపు సైకిలుపై ఒంటరిగా లోకము చుట్టుచు, 1886లో మన దేశమునకు వచ్చెను. 1923లో బొంబాయినుండి కదలిన పారసీ యువకులలో ముగ్గురు లోకము చుట్టి 1928లో తిరిగి వచ్చిరి. ఇవి పత్రికల కెక్కిన విశేషములు. పాలమూరు పల్లెలలో సైకిలు ఏ పత్రికకు నెక్కకుండగనే తన పని చేసినది. దానికి మేత అక్కరలేదు, నీరు అక్కరలేదు. కరవుసీమలో అంతకన్న మేలైన వాహనమేది? బడిపంతులు, తపాలా జవాను, చీరెలమూట కట్టుకొన్న వర్తకుడు దానిపై ఊరూరు తిరిగిరి. దాని శత్రువు తుమ్మముల్లు ఒక్కటే.

కాని ఈ సీమనుండి అందరికన్న దూరము పోయినవారు వేడుకకు పోయినవారు కారు. వానలు మొగము చాటుచేసినపుడు మేస్త్రీ యిచ్చిన అడ్వాన్సు పుచ్చుకొని, పిల్లలను వెంటబెట్టుకొని పోయిన పాలమూరు కూలీలు వారు. దేశములో ఎన్నో ఆనకట్టలకు, కాలువలకు వారు మట్టి మోసిరి. పరుల పొలములకు నీరు పారించి, తమ పొలము ఎండిన యింటికి తిరిగివచ్చిరి. 2020లో బండ్లన్నియు నిలిచిపోయినపుడు దేశమున వలసకూలీలు వందల మైళ్ళు కాలినడకన ఇండ్లకు మరలుట మనమందరము చూచితిమి. యాత్ర అను మాటకు ఈ అర్థము కూడ కలదని మరువరాదు.

నేడు సైకిలెక్కి ఒంటరిగా ఈ బాటలు చూడబోవు యువకులున్నారు. వారి యుత్సాహము మెచ్చదగినది. అమరాబాదు అడవి పులులకు రక్షితస్థానము; అనుమతి లేనిదే లోనికి పోరాదు, శ్రీశైలపు దారిలో రాత్రివేళ బండ్లను పోనీయరు. ఈ నియమములను పాటించి, నీళ్ళు వెంటబెట్టుకొని, దారి తెలిసినవారిని గౌరవముగా అడిగి పోవువానికి ఈ నేల ఎంతయో చూపగలదు. ఇచ్చట పూర్తిగా ఒంటరియైన బాటసారి ఎన్నడును లేడు. అతని ముందొకడు బావి త్రవ్వియుండెను, ఒకడు పుట్టి నడపెను, ఒకడు దారి చెప్పెను. ఆ ఋణము తీర్చుటకు పెద్ద పెట్టుబడి యక్కరలేదు. వచ్చు వేసవిలో మన వాకిటి ముందు ఒక కడవ చల్లని నీరుంచిన చాలును.