వడ్రంగులు కట్టిన యుద్ధనౌక

1939లో రెండో ప్రపంచ యుద్ధం మొదలయ్యేసరికి తీరం వెంట శత్రు జలాంతర్గాముల కోసం కాపుకాసే చిన్న పడవలు బ్రిటిష్ నౌకాదళానికి చాలినన్ని లేవు. పెద్ద నౌకల పనితోనే షిప్‌యార్డులు సతమతమవుతున్నాయి.

దారి చూపినవాడు కార్ల తయారీదారు నోయెల్ మాక్లిన్. ప్లైవుడ్‌తో పడవ పక్కటెముకలు ఒకచోట కోయించి, చిన్న చిన్న యార్డులకు పంపితే, అక్కడి వడ్రంగులే బిగించి, పలకలు కొట్టి నీట్లోకి దింపుతారన్నది ఆయన పథకం. మొదటి నమూనా 12 పడవలతో ఆగింది. నౌకాదళం వాళ్లు గీసిన రెండోది, ఫెయిర్‌మైల్-బి, నిలబడింది. 112 అడుగుల పొడవు, 85 టన్నుల బరువు, 20 నాట్ల వేగం. దాదాపు 650 కట్టారు. డెక్ మీద ముందే బిగింపులు అమర్చి ఉంచడంతో, తుపాకీ తీసేసి టార్పెడో గొట్టాలో మైన్లో పెట్టుకోవడం రెండు రోజుల పనే.

చెక్క ఒళ్లు, కడుపులో పెట్రోలు. గస్తీకి సరే, ఎదురుకాల్పుల్లోకి పంపాల్సిన సరుకు కాదది. అయినా పంపారు. 1942 మార్చి 28 అర్ధరాత్రి దాటాక ఫ్రాన్స్‌లోని సాఁ నజేర్ రేవు మీద దాడికి కమాండోలను మోసుకెళ్లినవి ప్రధానంగా ఇవే. దూరప్రయాణమని డెక్ మీద అదనపు పెట్రోలు ట్యాంకులు కూడా కట్టారు! వెళ్లిన 16లో సొంతంగా ఇంగ్లండు తిరిగొచ్చినవి మూడే.

తిరిగి రానివాటిలో మోటార్ లాంచ్ (ఎం.ఎల్.) 306ను జర్మన్ యుద్ధనౌక యాగ్వార్ నడిసముద్రంలో అడ్డగించింది. సార్జెంట్ టామ్ డరెంట్ ఒళ్లంతా గాయాలైనా లూయిస్ మెషిన్ గన్ వదల్లేదు; లొంగిపొమ్మంటే మళ్లీ కాల్చాడు. ఆ గాయాలతోనే చనిపోయాడు. అతని తెగువ గురించి తర్వాత బ్రిటిష్ కమాండోల నాయకుడికి చెప్పింది ఆ జర్మన్ నౌక కెప్టెనే. 1945లో డరెంట్‌కు బ్రిటన్ అత్యున్నత శౌర్య పతకం విక్టోరియా క్రాస్ వచ్చింది. నౌకాయుద్ధంలో చూపిన సాహసానికి సైన్యపు సార్జెంటుకు, అదీ శత్రువు సిఫారసు మీద!

మన వైపూ ఇవి తిరిగాయి. రాయల్ ఇండియన్ నేవీ ఫెయిర్‌మైల్స్ బర్మాలోని అరకాన్ తీరపు ఇరుకు పాయల్లోకి చొరబడి జపనీయుల పడవలను వేటాడాయి.

యుద్ధం ముగిశాక చాలావాటిని అమ్మేశారు. కొన్ని నివాసపు పడవలయ్యాయి. 497 నంబరు పడవ ఇంగ్లండులోని టార్‌బే అఖాతంలో ఏళ్ల తరబడి టికెట్టు కొన్న విహారయాత్రికులను తిప్పింది. తర్వాత అది హార్టిల్‌పూల్‌లో నౌకాదళ మ్యూజియం వారి సంరక్షణలోకి వచ్చింది.