బందరులో రెండు రోజులు: ముందు ఊరు, తరువాత సముద్రం

'వారాంతం' అన్న మాట మన పాత నిఘంటువులలో వెదికితే దొరకదు. మాట లేకపోవడానికి కారణం ఆ భావమే లేకపోవడం. మన పెద్దలకు తిథులున్నవి, పర్వాలున్నవి, ఏకాదశులున్నవి. శని, ఆదివారాలు కలిపి ఊరు విడిచి విశ్రాంతి తీసుకొనే అలవాటు మాత్రం ఇంగ్లీషు కచేరీలతోనూ, బడులతోనూ వచ్చినది. ఇక సముద్రపుటొడ్డున విశ్రాంతి అన్నది మరీ కొత్త. రావిచెట్టునూ సముద్రాన్నీ సేవించవచ్చునే గాని తోచినప్పుడు తాకరాదని మనకొక పాత నియమం. రావిని శనివారం నాడు, సముద్రాన్ని పర్వదినాన మాత్రమే ముట్టుకోవాలి. ఆ లెక్కన శనివారపు ప్రయాణానికి రావిచెట్టు క్రిందికే వెళ్ళాలి గాని సముద్రానికి కాదు! కడలిగాలి ఆరోగ్యమనీ, ఉప్పునీటి స్నానం మందు అనీ ఇంగ్లండులో ప్రచారం చేసినవాడు రిచర్డ్ రస్సెల్ అనే వైద్యుడు; అది 18వ శతాబ్దపు నడిమి మాట. ఆయన చలువతో బ్రైటన్ అనే పల్లెకారుల ఊరు విలాసనగరమైనది. తరువాత రైలు వచ్చి కూలివాడిని కూడ అక్కడికి చేర్చినది. ఆ ముచ్చట మనదాకా రావడానికి మరొక నూరేళ్ళు పట్టినది.

ఈ ప్రస్తావన ఎందుకంటే, మా ఇంట ఇప్పుడొక సముద్రయాత్రకు ఏర్పాట్లు జరుగుతున్నవి. హైదరాబాదులో ఉన్న మా అబ్బాయి, కోడలు, పదేళ్ళ మనుమడు, ఏడేళ్ళ మనుమరాలు బెజవాడ వస్తున్నారు. మేము దంపతులం, మా అక్కయ్య కలిసి మొత్తం ఏడుగురం. రెండు రోజులు ఏదైనా సముద్రతీరపు ఊరిలో గడపాలని పిల్లల కోరిక. నేను బందరు అన్నాను. "మామయ్యగారూ, అక్కడ ఇసుక కూడ సరిగా ఉండదట, నేలంతా నల్లబురదట కదా!" అని కోడలు ఫోనులో సందేహించింది. ఆమె విన్నది నిజమే. మంగినపూడి తీరం విశాఖ తీరం వంటిది కాదు. నల్లమట్టి నేల, పల్లపు నీరు, నెమ్మదైన అలలు. వెండి ఇసుక కోసమే అయితే బందరు పోనక్కరలేదు. కాని సముద్రం ఒక ఊరికి ఏమి ఇస్తుందో, ఏమి పుచ్చుకుంటుందో పిల్లలకు ఒక్కచోట చూపాలంటే తెలుగునాట ఇంతకు మించిన ఊరు నాకు తోచదు.

ముందు ఇచ్చినదాని సంగతి. క్రీస్తుశకం తొలి శతాబ్దాలలోనే గ్రీకు రచనలు ఈ తీరాన్ని పేర్కొన్నవి. పెరిప్లస్ అనే నావికుల గ్రంథంలో మసలియా అనీ, టాలెమీ భూగోళంలో మైసోలియా అనీ కనిపించే ప్రాంతం మన కృష్ణాతీరమే. సన్నని నూలుబట్టకు ఇది నెలవని ఆ నావికుడు వ్రాసుకున్నాడు. టాలెమీ చెప్పిన కంటకోస్సిల అనే రేవు మన ఘంటసాల. ఆ ఊరి శివుని పేరు జలధీశ్వరుడు. ఈనాడు జలధి ఆ ఊరికి చాలా దూరాన ఉన్నది. పేరు మాత్రం కదలలేదు.

తెలుగువారికి సముద్రం బొత్తిగా పరాయిదని అనుకోనక్కరలేదు. 1244 ప్రాంతంలో కాకతీయ గణపతిదేవుడు మోటుపల్లిలో అభయశాసనం వేయించి, తుపానుకు ఒడ్డుకు కొట్టుకువచ్చిన ఓడల సరుకును పాలకులు కాజేయరాదని కట్టడి చేశాడు. శ్రీనాథుడు హరవిలాసాన్ని అంకితమిచ్చినది రాజుకు కాదు, ఓడవ్యాపారి అవచి తిప్పయసెట్టికి. మనవారు సముద్రాన్ని విహారానికి వాడుకోలేదు గాని, వ్యాపారానికి బాగా వాడుకున్నారు.

బందరు అంటే పారసీకంలో రేవు. ఊరిపేరే ఉద్యోగం పేరు! గోలకొండ కుతుబ్‌షాహీలకు ఇదే ప్రధానమైన రేవు. వజ్రాలు, కలంకారీ బట్టలు ఇక్కడినుంచే ఓడలెక్కేవి. 17వ శతాబ్దం తొలి సంవత్సరాలలోనే డచ్చివారు వచ్చారు. 1611లో గ్లోబ్ అనే ఓడలో ఇంగ్లీషువారు వచ్చారు. 1669లో ఫ్రెంచివారు అనుమతి పొందారు. వీరి చరిత్రను పిల్లలకు పుస్తకం తెరిచి చెప్పనక్కరలేదు, ఊరి పేటల పేర్లు చదివిస్తే చాలు. ఇంగ్లీషుపాలెం, వలందపాలెం, పరాసుపేట. 'వలందులు' అంటే హాలండువారు, 'పరాసులు' అంటే ఫ్రెంచివారు. పరదేశి పేర్లను మన నాలుక ఎంత హాయిగా నలిపి తనవి చేసుకున్నదో చూడండి! నలభై ఏళ్ళు తత్సమ తద్భవాలు బోధించినవాడిని. తద్భవానికి ఇంతకంటె మంచి ఉదాహరణ నాకు ఏ వ్యాకరణంలోనూ కనబడలేదు.

1639లో చెన్నపట్నానికి పునాది పడినప్పుడు, ఆ వ్యవహారంలో ఫ్రాన్సిస్ డేకు తోడున్న ఆండ్రూ కోగన్ బందరు వర్తకస్థానానికి అధిపతి. అనగా మహానగరమైన చెన్నై కథలో ఒక అంకం మన బందరులో జరిగినది. 1759 ఏప్రిల్‌లో కర్నల్ ఫోర్డు ఫ్రెంచివారి చేతినుండి బందరుకోటను పట్టుకున్నాడు. ఉత్తర సర్కారులలో ఫ్రెంచివారి ప్రాభవం దానితో ముగిసినది.

బట్టల సంగతి పిల్లలు కంటితో చూడవలసినది. బందరుకు సుమారు పది కిలోమీటర్ల దూరంలోని పెడనలో నేటికీ కలంకారీ అద్దకం సాగుతున్నది. బట్టను కరక్కాయ రసంలోనూ గేదెపాలలోనూ నానబెట్టి ఆరవేస్తారు. టేకు అచ్చులతో అద్దుతారు. తుప్పు ఇనుమునూ బెల్లాన్నీ నీటిలో ఊరబెడితే నలుపు వస్తుంది. పటికతో అద్దినచోట చిరివేరు రంగు ఎరుపై నిలుస్తుంది. నీలికి నీలిమందు. ఇంత పనిచేసిన చీటిగుడ్డ ఇంగ్లండు చేరి ఎంత గిరాకీ తెచ్చుకున్నదంటే, అక్కడి నేతగాళ్ళ మొర ఆలకించి పార్లమెంటు 1700లో ఒకటి, 1721లో మరొకటి చట్టాలు చేసి అద్దకపు బట్టను నిషేధించవలసి వచ్చినది. ఫ్రాన్సు అంతకు ముందే, 1686లో నిషేధించినది. కృష్ణాజిల్లా పల్లెటూరి కాలువలో ఉతికిన గుడ్డ రెండు రాజ్యాలను భయపెట్టినదని మా మనుమడికి చెప్పాలని నా కోరిక.

ఇక సముద్రం పుచ్చుకున్నది. కాలక్రమాన రేవు మేట వేసినది. పెద్ద ఓడలు తీరానికి మైళ్ళ దూరంలోనే లంగరు వేసేవి. సరుకు పడవల మీద ఒడ్డుకు చేరేది. అటువంటి స్థితిలో 1864 నవంబరు 1 రాత్రి పెనుతుపాను వచ్చినది. సుమారు 13 అడుగుల ఎత్తున ఉప్పెన ఊరిమీదికి, చుట్టుపట్ల పల్లెలమీదికి నడిచివచ్చినది. చనిపోయినవారు దాదాపు 30,000 మంది. మన కావ్యాలలో సముద్రుడు మర్యాద దాటనివాడు. సంస్కృతంలో మర్యాద అంటే హద్దు. చెలియలికట్ట దాటని గాంభీర్యానికి కవులు రాజులను సముద్రంతో పోల్చుతారు. నేనూ తరగతిలో ఆ ఉపమానాన్ని ఎన్నిసార్లు వివరించానో లెక్కలేదు. వివరించిన ప్రతిసారీ నాకు కృష్ణాజిల్లా గుర్తుకు వచ్చేది.

1864 పుస్తకాలలో చదివినది. 1977 అట్లా కాదు. ఆ ఏడు నవంబరు 19న దివిసీమను ఉప్పెన ముంచినప్పుడు నాకు పందొమ్మిదేళ్ళు. దాదాపు పదివేలమంది పోయారని ప్రభుత్వ లెక్క; లెక్కకెక్కనివారు ఇంకా ఉన్నారని అక్కడివారి మాట. మా అక్కయ్యను ఇచ్చినది దివిసీమలోని ఒక పల్లెలో. ఆ రాత్రి ఆమె అత్తగారు పోయారు, మూడేళ్ళ పిల్లవాడు పోయాడు. తానూ బావగారూ తాటిచెట్టును కరచుకొని బ్రతికారు. అప్పటినుండి ఆమె సముద్రాన్ని చూడలేదు. కార్తికపున్నమికి ఇంటిల్లిపాదీ సముద్రస్నానానికి బయలుదేరినా ఆమె ఇంట్లోనే దీపం పెట్టుకొనేది. ఆమె ఎదుట మేము ఎవరమూ ఉప్పెన అన్న మాట అనము.

అందువల్ల ఈ యాత్రను వేయడంలో నాకు అసలు చిక్కు బసలు, బండ్లు కాదు. పిల్లలకు సముద్రం కావాలి. అక్కయ్యకు వద్దు. ఆమెను ఇంట్లో దిగవిడిచి మేము ఆరుగురం వినోదించి రావడం నాకు ఇష్టం లేదు. ఆమె భయాన్ని పిల్లలకు చాదస్తంగా కనబడనీయడం అంతకంటె ఇష్టం లేదు. రెండు రోజుల క్రమం మార్చి మార్చి వ్రాయగా చివరకు నాకు ఒక సూత్రం దొరికినది: ముందు ఊరు, చివరను సముద్రం. ఊరిని చూసినవారికి సముద్రం ఒట్టి ఆటస్థలంగా కనబడదు. అప్పుడు అత్తమ్మమ్మ ఎందుకు రాలేదని పిల్లలు అడగరు, వారికే తెలుస్తుంది.

కాలం విషయంలో నవంబరును విడిచిపెట్టాను. 1864, 1977 రెండూ ఆ నెలవే కదా. సంక్రాంతి వెళ్ళిన తరువాత, మాఘమాసం సమీపించే వేళ ఆకాశం తేటగా ఉంటుంది, ఎండ ముదరదు.

శనివారం తెల్లవారి బెజవాడలో బయలుదేరి కంకిపాడు, ఉయ్యూరు, పామర్రు మీదుగా బందరు చేరుతాము. దారి సుమారు 70 కిలోమీటర్లు. ముందుగా బందరుకోట శిథిలాలు, తరువాత డచ్చివారి సమాధులు. ఆ రాళ్ళమీది అక్షరాలు, కులచిహ్నాలు నేటికీ చూడదగినవి, పొద్దెక్కకముందే చూడాలి. పిమ్మట మూడు పాలేలు, పేటలు. దారిలో 1910లో కోపల్లె హనుమంతరావుగారు స్థాపించిన ఆంధ్ర జాతీయ కళాశాలకు ఒక నమస్కారం. 1902లో పుట్టిన కృష్ణాపత్రిక ఈ ఊరిదే. 1923లో పట్టాభి సీతారామయ్యగారు స్థాపించిన ఆంధ్రా బ్యాంకు ఈ ఊరిదే. అది 2020లో యూనియన్ బ్యాంకులో కలిసిపోయినది. చెళ్ళపిళ్ళ వేంకటశాస్త్రిగారు పాఠం చెప్పిన ఊరు ఇది. విశ్వనాథ, పింగళి, కాటూరి ఆ బడిలో కూర్చున్న పిల్లలు. ఓడలు పోయినా ఊరు చదువుతో నిలిచినదని అక్కడ పిల్లలకు చెబుతాను. మధ్యాహ్నం విశ్రాంతి. సాయంత్రం వెలుగుండగానే పెడన.

ఆదివారం చీకటితోనే లేవాలి. మంగినపూడి తూర్పుతీరం గనుక సూర్యోదయమే అక్కడి అందం. ఊరినుండి పదకొండు కిలోమీటర్లు. దారిలో చిలకలపూడి పాండురంగస్వామి ఆలయం ఉన్నది, 1929లో వెలసినది. అక్కయ్య అక్కడ దిగిపోవచ్చును. నేను ఆమెతో ఉంటాను. పిల్లలను అబ్బాయి తీసుకుపోతాడు. వాడికి చెప్పవలసినవి చెప్పాను: నీరు పల్లమని మోసపోరాదు, నడుములోతు దాటరాదు, బురదలో కాలు జారుతుంది, పిల్లల చేయి వదలరాదు, ఎండ ముదిరే లోపల వెనుదిరగాలి. తీరాన దీపస్తంభాన్నీ, ఆ దాపున తపసిపూడి వద్ద 2023లో మొదలుపెట్టిన కొత్త రేవు పనులనూ దూరంనుండి చూపమన్నాను. మేట వేసి మూతపడిన కథ మళ్ళీ మొదలవుతున్నదని వారికి తెలియాలి. తిరుగుదారిలో మనుమరాలికి చిలకలపూడి గిల్టుగాజులు, ఇంటికి బందరు లడ్డు. శనగపిండి పూసను నేతిలో వేయించి, దంచి, బెల్లపు పాకంలో కలిపి, మళ్ళీ దంచే ఓపిక ఆ లడ్డుది. 2017లో దానికి భౌగోళిక గుర్తింపు కూడ వచ్చినది. మధ్యాహ్నం చల్లపల్లి వైపు మళ్ళి ఘంటసాల చేరుతాము. సముద్రం వచ్చి ముంచిన ఊరు చూసిన పిల్లలకు, సముద్రం విడిచిపోయిన ఊరు కూడ చూపి ఇంటికి తీసుకురావాలని నా ఆశ.

ఈ కాగితాన్ని మొన్న అక్కయ్యకు చదివి వినిపించాను. చివరిదాకా మౌనంగా విన్నది. "గుడి దాకా వస్తాలేరా" అన్నది. తరువాత కొంతసేపటికి, "వాడికి ఈత వచ్చునా?" అని మనుమడి గురించి అడిగినది. రాదన్నాను. "అయితే వాడి చేయి నేను పట్టుకుంటా" అన్నది. ఆ చేయి గుడి దగ్గర పట్టుకుంటుందో, నీళ్ళ దగ్గర పట్టుకుంటుందో నేను అడగలేదు. కారులో ఒక చోటు మాత్రం అటూ ఇటూ ఖాళీగానే ఉంచమని అబ్బాయికి చెప్పాను.