ఇప్పసారాకు ఊరి పేరు ఎందుకు లేదు?

మద్యాన్ని పుట్టిన చోటి పేరుతో పిలవడం ఐరోపావాళ్లు కనిపెట్టిన పద్ధతని అనుకుంటాం. హంగరీలో తొకాయ్ తోటలకు 1737లో, పోర్చుగల్‌లో డౌరో లోయకు 1756లో ఏలికలే హద్దులు గీయించిన మాట నిజమే. కానీ అంతకు ఎన్నో వందల ఏళ్ల ముందే కౌటిల్యుడి అర్థశాస్త్రం, సురాధ్యక్షుడి విధులు చెప్పే అధ్యాయంలో, ద్రాక్షరసంతో చేసిన మధువుకు దాని దేశమే గుర్తింపు అని తేల్చింది. కాపిశాయనం, హారహూరకం అని రెండు పేర్లూ ఇచ్చింది. కాపిశి నేటి అఫ్గానిస్తాన్‌లోది. అంటే అక్కడి సరుకు ఇక్కడి రాజుగారి లెక్కల్లో ఊరి పేరుతోనే చేరిందన్నమాట. ఆ మర్యాద ఈ నేల మీదే పుట్టిన ఇప్పసారాకు మాత్రం దక్కలేదు. అది రుచిలో లోపం వల్ల కాదు, అబ్కారీ చట్టాల వల్ల అని నా వాదన.

ఇప్పసారా పుట్టే సీమ చూడాలంటే ఛత్తీస్‌గఢ్‌లోని భిలాయి నుంచి బయల్దేరవచ్చు. 1959 ఫిబ్రవరిలో ఉక్కు కర్మాగారం తొలి కొలిమి మొదలయ్యాక పెరిగిన ఈ ఊళ్లో మన తెలుగు కుటుంబాలు ఎన్నో స్థిరపడ్డాయి. కర్మాగారానికి ఇనుపరాయి వచ్చే దల్లీ-రాజహరా దారి పట్టి దక్షిణానికి పోతే బాలోద్, కాంకేర్, ఆపైన బస్తర్. అదంతా ఇప్పచెట్ల సీమ. మార్చి, ఏప్రిల్‌లో చెట్టు ఆకు రాల్చేసి పూతకొస్తుంది. రాత్రి విచ్చిన పువ్వు తెల్లవారేలోపే నేల మీద ఉంటుంది. మీగడ రంగులో, నొక్కితే రసం కారేంత కండతో ఉన్న ఆ పువ్వు నాలుగెండలు తగిలేసరికి ఎండుద్రాక్షలా ముడుచుకుని గోధుమరంగుకు తిరుగుతుంది. ఎండిన పువ్వు బరువులో సగానికి పైగా చక్కెరే. నీళ్లలో నానేసి కొన్నాళ్లు పులియనిచ్చి, ఆ ఊటను కుండలో కాచి, పైకుండలో చన్నీళ్లు మారుస్తూ ఆవిరిని చల్లార్చి పట్టుకుంటే సారా. చెట్టు తొలిపూతకు సుమారు పదేళ్లు పడుతుంది, ఆపైన కొన్ని తరాల పాటు పూస్తుంది. చాలా గూడేల్లో ఏ చెట్టు కింద ఏ ఇంటివాళ్లు ఏరుకోవాలన్నది తాతల నాటి కట్టడి. వైన్ ప్రపంచం పాత తీగ, ప్రసిద్ధ సీమ అని దేనికి మురిసిపోతుందో అవి రెండూ ఇక్కడున్నాయి.

అవి సీసా దాకా ఎందుకు రాలేదంటే చరిత్ర చూడాలి. బ్రిటిష్ హయాంలో సారా అంటే ముందు ఆదాయం. ఇంటింటా కాచుకుంటే పన్ను రాదు కాబట్టి ఉత్పత్తిని సర్కారు డిస్టిలరీలకు, గుత్తేదార్లకు మళ్లించారు. బొంబాయి ప్రెసిడెన్సీలోనైతే సారా సంగతి అటుంచి, 1892 చట్టంతో ఇప్పపువ్వు మీదే ఆంక్షలు పెట్టారు. అడవిలో రాలిన పువ్వును దగ్గర ఉంచుకోవడమూ తప్పయిపోయింది! నిజాం రాజ్యంలోనూ సర్కారు సారాకు ఇప్పపువ్వే ముడిసరుకు. పది అడవుల పువ్వు ఒకే తొట్టిలో పడ్డాక ఏ ఊరి పేరు మిగులుతుంది? ఇంట్లో కాచుకున్నది దొంగసారా, దుకాణంలోది సర్కారు సారా అయ్యాయి. స్వాతంత్ర్యం వచ్చాక ఆదివాసులకు పరిమితంగా కాచుకునే వెసులుబాటు దొరికినా, అది ఇంటి వాడకానికే తప్ప పేరు పెట్టి అమ్ముకోవడానికి కాదు.

కాచి దించిన సారాలో మట్టి గుణం, చెట్టు వయసు ఏం తెలుస్తాయని అడిగేవాళ్లున్నారు. ఈ అభ్యంతరంలో కొంత నిజముంది. పాత తీగ ద్రాక్షకు నిజంగా వేరే రుచి ఉందా అన్నది వైన్ పండితుల్లోనే తెగని తగవు. ఆస్ట్రేలియాలోని బరోసా లోయ 2009లో రాసుకున్న పత్రం 35, 70, 100, 125 ఏళ్లు దాటిన తీగలకు వేర్వేరు హోదాలిచ్చింది. అది ధ్రువీకరించేది వయసునే గాని రుచిని కాదు. అయితే కాచి తీసిన ద్రాక్షసారాయే అయినా కోన్యాక్‌కు 1909లో ఫ్రాన్స్ హద్దులు నిర్ణయించింది. ఇప్పసారా విషయంలో చెట్టు వయసు కన్నా పువ్వు ఏరిన తీరే ముఖ్యమని నా అభిప్రాయం. చెట్టు కింద ఆకులు తగలబెట్టి బూడిదలోంచి ఏరిన పువ్వు వేరు, వల కట్టి నేల తగలకుండా పట్టిన పువ్వు వేరు. 2021లో ఛత్తీస్‌గఢ్ నుంచి ఎండుపువ్వు ఓడెక్కి ఫ్రాన్స్‌కు వెళ్లినప్పుడు అది కోర్బా, సర్గుజా ప్రాంతాల అడవులదని చెప్పే పంపారు. పువ్వుగా ఉన్నంతసేపూ ఊరి పేరుంది, సారా కాగానే పోతోంది.

అసలు అభ్యంతరం వేరే ఉంది: సారా కూలివాళ్ల కుటుంబాలను ముంచుతుందన్నది. దాన్ని తేలిగ్గా తీసిపారేయలేం. దల్లీ-రాజహరా గని కార్మికుల్లో శంకర్ గుహా నియోగి నడిపిన సంఘం సారా మానిపించడాన్ని ఉద్యమంగా తీసుకుంది. ఆయన 1991లో ఈ భిలాయిలోనే హత్యకు గురయ్యాడు. నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్లు లేవదీసిన సారా వ్యతిరేక పోరాటం మనకు తెలిసిందే. కానీ వాళ్లు తిరగబడింది ప్యాకెట్లలో ఊరూరా దింపిన గుత్తేదార్ల సారా మీద, కూలి డబ్బును దుకాణానికి మళ్లించే ఏర్పాటు మీద. ఊరి పేరు, ఏరిన ఏడాది, కాచినవారి పేరు రాసి కొద్దికొద్దిగా అమ్మే సారా ఆ వ్యాపారానికి పనికిరాదు. అయితే పేరొచ్చాక లాభం పట్నం కంపెనీలు తన్నుకుపోవని పూచీ లేదు. మధ్యప్రదేశ్ ఈ మధ్య అలీరాజ్‌పూర్‌లో ‘మోండ్’, దిండోరీలో ‘మొహులో’ పేర్లతో ఆదివాసీ స్వయం సహాయక సంఘాల చేత ఇప్పసారా చేయిస్తోంది. ఛత్తీస్‌గఢ్ అనుసరించదగ్గ దారి అదే.

ఆలస్యం చేయడానికి మాత్రం వీల్లేదు. పొలాల్లో, ఊరి చుట్టూ మిగిలినవి ఎక్కువగా ముసలి చెట్లే. ఆకులకు పెట్టే నిప్పుకు మొలకలు మాడిపోతాయి, తప్పించుకున్నవి పశువుల పాలవుతాయి. అందుకే ఛత్తీస్‌గఢ్‌లోని మనేంద్రగఢ్ అటవీ విభాగం ఊళ్లలో ఇప్పమొక్కలు నాటించి చుట్టూ కంచెలు కట్టిస్తోంది. అవి పూతకు రావడానికి మరో పదేళ్లు.