గొలుసు మోసినోళ్ల చేను (మా భూమి, మా లెక్క – 9వ భాగం)



పోయిన భాగంలో దరఖాస్తు పట్టాల గురించి రాశాక ముగ్గురు విద్యార్థులు ఇంచుమించు ఒకే ప్రశ్న పంపారు. "అన్నా, పట్టా ఉంది, పాసుపుస్తకం ఉంది, శిస్తు రసీదులు కూడా ఉన్నాయి. అయినా చేను ఎట్లా తగ్గిపోతుంది?" అని. పట్టా కాగితం మీద ఉంటుంది, చేను నేల మీద ఉంటుంది. ఆ రెండింటినీ కలిపే మనిషి సర్వేయరు. ఆయన గురించి, ఆయన వెనక గొలుసు పట్టుకుని ఎండలో నడిచిన మనిషి గురించి ఈ భాగం. కొంచెం లెక్కలున్నాయి. భయపడకుండా చదవండి, మీకే పనికొస్తాయి.

మా జేజినాయన ఊరికి వెట్టి. అనంతపురం జిల్లాలో ఒక మూల పల్లె మాది. దండోరా వేసేది ఆయనే, తహసీల్దారు వస్తే గుర్రానికి గడ్డి వేసేది ఆయనే, శవం లేస్తే కబురు మోసేది ఆయనే. సర్వే వాళ్లు వస్తే గొలుసు పట్టేది కూడా ఆయనే. ఆయన చదువుకోలేదు. కానీ ఊళ్లో ఏ సర్వే రాయి ఏ కంప కింద ఉందో, ఏ రాయి పెరికి బట్టలుతికే బండగా వేసుకున్నారో, ఎవరి గెనిమ ఏ ఏడు ఎంత జరిగిందో ఆయనకు తెలుసు. చేను గొడవ వస్తే రెడ్డి, కరణం ఇద్దరూ ఆయన్నే పిలిచేవాళ్లు. "ఒరే, రాయెక్కడుందిరా చూపించు" అని. ఆయన చూపించేవాడు. చూపించి, పక్కకు జరిగి నిలబడేవాడు.

ఇది మా ఒక్క ఊరి కథ అనుకోవద్దు. మాకు ఆనుకునే ఉన్న మైసూరు దేశంలో కులవాడి అని ఒక ఊరి ఉద్యోగి ఉండేవాడు. ఆయన హొలెయ. హొలెయలంటే ఊరి వెలుపల బతికినోళ్లు, మన మాలలలాగే. పొలిమేర తగాదా వచ్చిందంటే కులవాడి మాటే సాక్ష్యం. 1870లలో ఇంగ్లీషు అధికారులు రాసిపెట్టిన వివరం ఇది: కులవాడి తన ఊరి మట్టిని ముద్ద చేసి, దాని నడుమ కాసిన్ని నీళ్లు పోసి, నెత్తిన పెట్టుకుని హద్దు వెంట నడిచేవాడు. సరిగ్గా హద్దు మీదే నడిస్తే ముద్ద చెక్కుచెదరదు. దారి తప్పితే ముద్ద దానంతటదే విచ్చిపోతుందని, ఆయన పదిహేను రోజుల్లో చచ్చిపోతాడని, ఇల్లు పాడుబడుతుందని నమ్మకం. హొలెయ అనే పేరు చేనుకు కన్నడంలో ఉన్న మాట 'హొల' నుంచే వచ్చిందని అప్పుడే కొందరన్నారు, మైల అనే అర్థమున్న 'హొలె' నుంచి అని ఇంకొందరన్నారు. ఆ తగువు నేను తీర్చలేను.

మన దగ్గర జాతరలో పొలి చల్లడం మీకు తెలుసు. బలి రక్తం కలిపిన అన్నాన్ని ఊరి చుట్టూ, పొలిమేర వెంట అర్ధరాత్రి చల్లుకుంటూ పోయేది ఎవరు? మాలలు, మాదిగలు. ఊరి గీత మా కాళ్ల కింద ఉండేది. గీత తప్పితే చావాల్సింది కూడా మేమే. ఆ గీత లోపల మాకు దక్కింది మాత్రం సేవ చేసినందుకు ఇచ్చిన ఎకరమో అరెకరమో మాన్యం. పని మానేస్తే అదీ పోతుంది.

ఇక తెల్లదొరల గొలుసు దగ్గరికి వద్దాం.

1800లో నిజాం దత్త మండలాలను కంపెనీకి రాసిచ్చాడు. కలెక్టరుగా థామస్ మన్రో వచ్చాడు. 1802లో సర్వే మొదలుపెట్టి 1806కల్లా ముగించాడు. ఆయన వాడింది 33 అడుగుల గొలుసు. 33 అడుగులు పొడవు, 33 అడుగులు వెడల్పు ఉన్న చదరం ఒక గుంట. అట్లాంటివి 40 కలిస్తే ఎకరం. తెలంగాణ మిత్రులు ఇవాళ్టికీ గుంటల్లో లెక్క చెబుతారు చూడండి, అదే కొలత. రాయలసీమలో మన్రోను దేవుడిలాగా కొలిచారని, పిల్లలకు మన్రోలప్ప అని పేరు పెట్టుకున్నారని చెబుతారు. మా పేటలో మాత్రం ఆ పేరున్న మనిషిని నేను చూడలేదు. ఎందుకంటే శిస్తు కట్టే రైతుకు, సర్కారుకు నడుమ తెగిన లెక్క అది. నేల తరం నిర్ణయించేటప్పుడు ఊళ్లో రెడ్లను, కరణాలను, రైతులను కూర్చోబెట్టి మాట అడిగారు. దున్నే పాలేరును ఎవరూ అడగలేదు. శిస్తు మరీ ఎక్కువైందని మన్రోనే 1807లో నాలుగో వంతు తగ్గించమని రాశాడు. పాలేరుకు తగ్గించడానికి ఏముంది?

సర్వే విద్య ఎవరికి నేర్పారో కూడా చూడాలి. 1794లో మద్రాసులో సర్వే బడి పెట్టారు, ఎనిమిది మంది పిల్లలతో. అందరూ అనాథాశ్రమం నుంచి తెచ్చిన యూరోపియన్, యూరేషియన్ సంతానం. ఆ బడే పెరిగి పెద్దదై ఇవాళ గిండీ ఇంజనీరింగ్ కాలేజీ అయింది. అంటే దక్షిణాదిలో ఇంజనీరింగ్ చదువు నేల కొలవడంతోనే పుట్టింది. తర్వాత కాలంలో ఆ ఉద్యోగాలు అప్పటికే లెక్కలు రాసే కులాల చేతికి పోయాయి. మా వాళ్లకు దొరికింది ఖలాసీ, జెండా పట్టేవాడు, చైన్‌మన్. పరికరానికి అటు చివర నిలబడే పనులు.

ఆ గొలుసు సంగతి చెప్తా. గుంటర్ గొలుసు 66 అడుగులు, 100 లింకులు. పది చదరపు గొలుసులు ఒక ఎకరం. వెయ్యి చదరపు లింకులు ఒక సెంటు. ఇంత తేలిక లెక్క ఇంకోటి లేదు. ముందు ఒకడు, వెనక ఒకడు గొలుసు పట్టుకుంటారు. ముందువాడి చేతిలో పది ఇనుప బాణాలు. ఒక్కో గొలుసు పూర్తయితే ఒక బాణం నేలకు గుచ్చుతాడు, వెనకవాడు దాన్ని పెరుక్కుంటూ వస్తాడు. వెనకవాడి చేతిలో ఎన్ని బాణాలుంటే అన్ని గొలుసులు. చదువు రాని మా జేజినాయన లెక్క తప్పకపోవడానికి కారణం ఆ బాణాలే. గొలుసు వదులుగా పట్టుకుంటే లేని పొడుగు పుడుతుంది, చేను కాగితం మీద పెద్దదవుతుంది. గొలుసు వాడి వాడి కడియాలు అరిగి సాగిపోతే చేను కాగితం మీద చిన్నదవుతుంది. ఈ రెండూ ఆయనకు తెలుసు. "గొలుసు మా చేతిలో, పుస్తకం కరణం ఒళ్లో. మేం ఎంత బిర్రుగా పట్టినా ఆయన రాసిందే కొలత" అనేవాడంట మా నాయనతో. పెద్దోళ్ల చేలు పొద్దున చల్లపూట కొలిచేవాళ్లు. దరఖాస్తు చేలు పొద్దుగూకేటప్పుడు, ఒక్కోసారి గట్టు మీద నిలబడి చూపుతోనే.

మా దరఖాస్తు చేను అట్లా వచ్చిందే. డీకేటీ పట్టా, 1 ఎకరా 62 సెంట్లు. ఆంధ్ర ప్రాంతంలో 1954 జూన్ తర్వాత ఇచ్చిన ఇట్లాంటి పట్టాల్లో అమ్మకూడదన్న షరతు ఉంటుంది. ఆ షరతుకు కోరలు పెట్టింది 1977 చట్టం. అమ్మితే చెల్లదు అని చట్టం చెప్పింది. మరి గెనిమ జరిపితే? దానికి రిజిస్ట్రేషన్ అక్కర్లేదు, ఒక నాగలి చాలు.

2020 డిసెంబరులో ఆంధ్రప్రదేశ్‌లో రీసర్వే మొదలైంది. జగ్గయ్యపేట మండలం తక్కెళ్లపాడులో ప్రారంభించారు. డ్రోన్లు, ఉపగ్రహాల సంకేతం పట్టే రోవర్లు. కొలతలో వచ్చే తప్పు సెంటీమీటర్లలోనే ఉంటుందన్నారు. యంత్రం అబద్ధం చెప్పదు, నేను ఒప్పుకుంటా. కానీ పై నుంచి డ్రోన్ తీసిన ఫొటోలో కనిపించేది ఇవాళ ఉన్న గెనిమ. పాతికేళ్లుగా ఏడాదికి ఒక చాలు చొప్పున మా వైపుకు జరిగిన గెనిమ ఆ ఫొటోలో తెల్లగా, తిన్నగా, ఎంతో న్యాయంగా కనబడుతుంది. అందుకే ఫొటో తర్వాత రైతులను పిలిచి నేల మీద సరిచూడాలని పెట్టారు. ఆ రోజు చేలో ఎవరు నిలబడ్డారన్నదే అసలు సంగతి. మా పేటలో సగం ఇళ్లకు తాళాలు, జనం బెంగళూరులో సిమెంటు పనిలో. నోటీసు తలుపు కింద నుంచి లోపలికి తోసి పోయారు. మా నాయన ఆ వారం ఆస్పత్రిలో ఉన్నాడు. పక్క చేని ఆసామి నిలబడి, హద్దు ఇదేనని చూపించి, సంతకం పెట్టాడు.

కొత్త లెక్కలో మా చేను 1 ఎకరా 44 సెంట్లయింది.

పద్దెనిమిది సెంట్లకు ఇంత గొడవా అని అడిగిన అధికారి కూడా ఉన్నాడు. పేరు, ఆఫీసు వద్దులెండి. నేను పాత ఎఫ్.ఎం.బి. నకలు తెచ్చుకున్నా. ప్రతి సర్వే నంబరుకూ ఒక పేజీ ఉంటుంది, గీతల మీద లింకులు రాసి ఉంటాయి. మా చేను అందులో దాదాపు దీర్ఘచతురస్రం. పొడవు 450 లింకులు, వెడల్పు 360. గుణిస్తే 1,62,000 చదరపు లింకులు, అంటే 162 సెంట్లు. పట్టా ఏం చెబుతుందో పుస్తకమూ అదే చెబుతోంది. నేల మీద టేపు పెట్టి చూస్తే వెడల్పు 320 లింకులే. నలభై లింకులు లేవు. ఇరవై ఆరు అడుగుల నేల!

ఇక్కడ మా ఊరి సచివాలయం సర్వేయరు గురించి చెప్పాలి. 2019లో గ్రామ సర్వేయర్ల పోస్టులు 11 వేలకు పైగా ప్రకటించారు. రిజర్వేషన్ వల్ల మన పిల్లలు ఆ పోస్టుల్లోకి వచ్చారు. మాకొచ్చిన అమ్మాయి కూడా పక్క మండలంలో ఒక మాదిగపేట బిడ్డ. రీసర్వే రోజున ఆమె మీద ఎన్ని ఫోన్లు వచ్చాయో నాకు తర్వాత తెలిసింది. రోజుకు ఇన్ని ఎకరాలు అని పైనుంచి లెక్క, చేను దగ్గర ఆసామి కొడుకుల మాట. ఆమెను తిట్టి నాకు ఒరిగేదేం లేదు. నేను ఎఫ్.ఎం.బి. పట్టుకుని పోతే ఆమె ఒక ఆదివారం తన సెలవు మానుకుని వచ్చింది. మా చేను సర్వే నంబరు అంచున ఉంది కాబట్టి మూలన రాయి ఉండి తీరాలి అంది. పుస్తకం ప్రకారం కొలిచి, పక్క చేలో శనగ మొక్కల నడుమ ఒక చోట చూపించింది. ఆసామి ఒప్పుకోలేదు. పంట తీశాక, ఇద్దరు పెద్దమనుషుల ముందర తవ్వాం. అడుగున్నర లోతులో గడ్డపార టంగుమంది. నెత్తిన గుర్తు చెక్కిన రాయి. పెరికేయడానికి ఓపిక లేక పూడ్చి పెట్టినట్టున్నారు. మా నాయన దాని పక్కన కూర్చుని, "దీన్ని మా నాయన చూపించినాడు నాకు, చిన్నప్పుడు" అన్నాడు. మరి ఇన్నేళ్లూ ఎందుకు చెప్పలేదు నాయనా అంటే, అడిగినోడెవడు అన్నాడు.

రాయి దొరికినంత మాత్రాన కథ అయిపోలేదు. ఈలోపు మా చేనును, పక్క చేనును కలిపి ఒకే ఎల్.పి.ఎం. నంబరు ఇచ్చేశారు. జాయింట్ ఎల్.పి.ఎం. అంటారు దీన్ని. రాష్ట్రమంతా ఈ ఫిర్యాదే. ఇప్పుడు విడగొట్టాలంటే మళ్లీ అర్జీ, మళ్లీ నోటీసు, మళ్లీ అవతలివాడి సంతకం. 1923 సర్వే హద్దుల చట్టం ప్రకారం సర్వే ముగిసిందని ప్రకటన వచ్చాక కోర్టుకు పోవడానికి మూడేళ్లే గడువు. బెంగళూరులో సిమెంటు మోసే మనిషికి ఆ ప్రకటన వచ్చినట్టు కూడా తెలియదు.

తెలంగాణలో దారి వేరు, నష్టం అదే. 2017లో రికార్డుల ప్రక్షాళన అన్నారు, నేల మీద గొలుసు పెట్టలేదు. తగాదా ఉన్నవన్నీ పార్ట్-బిలో పడేశారు, వాటిలో మన చేలు ఎన్నో. 2020లో వీఆర్వో వ్యవస్థ రద్దయింది. 2023లో వీఆర్ఏలను వేరే శాఖలకు పంపేశారు. వాళ్లెవరు? నిన్నటి నీరడి, బేగారి, సేత్‌సింది కుటుంబాల పిల్లలు. ఉద్యోగం ఖాయమైంది, మంచిదే. నేను దాన్ని తప్పుపట్టను. కానీ ఊరి హద్దు తెలిసిన మనిషి ఊరికి లేకుండా పోయాడన్న సంగతి ఎవరూ లెక్కలోకి తీసుకోలేదు. 2025 ఏప్రిల్ 14న, బాబాసాహెబ్ జయంతి నాడే, భూభారతి తెచ్చారు. రిజిస్ట్రేషన్‌కు, మ్యుటేషన్‌కు సర్వే పటం జోడించాలన్నది అందులో మంచి మాట. దానికోసం లైసెన్సు సర్వేయర్లను తయారు చేస్తున్నారు. రైతు ఫీజు ఇస్తే వచ్చి కొలిచే మనిషి. ఎకరంన్నర ఉన్నవాడు ఎంత ఫీజు ఇవ్వగలడు, యాభై ఎకరాలున్నవాడు ఎంత ఇవ్వగలడు? ఇద్దరి నడుమ గెనిమ తగాదా వస్తే లైసెన్సు సర్వేయరు ఎవరింట్లో టీ తాగుతాడు? అసైన్డ్ భూముల కొలత ఖర్చు సర్కారే పెట్టుకోవాలని మనం ఇప్పుడే అడగాలి, నియమాలు గట్టిపడక ముందే.

విద్యార్థులకు ఒక మాట. సివిల్ డిప్లొమా, ఐటీఐ, ఇంటర్‌లో గణితం చదివినోళ్లు మనలో వేలమంది ఉన్నారు. గ్రూప్స్ కోసం అయిదేళ్లు గదుల్లో కూర్చునే తమ్ముళ్లు, చెల్లెళ్లు ఈ లైసెన్సు వైపు కూడా చూడండి. ఉద్యోగం రాకపోయినా సరే, ఎఫ్.ఎం.బి., టిప్పన్, సేత్వార్ చదవడం నేర్చుకోండి. పేటకు ఒక్కరు చాలు. మా సంఘం ఈ వేసవిలో మూడు పేటల్లో ఎఫ్.ఎం.బి. నకళ్లు తీయించి, రాళ్లు వెతికే పని పెట్టుకుంది. ముందు డెబ్భై దాటినోళ్లను కూర్చోబెట్టి అడుగుతాం. వాళ్లు చూపించిన చోట ఫొటో తీసి, ఫోనులో ఆ స్థానం గుర్తు పెట్టుకుంటాం. రావాలనుకున్నోళ్లు ఇన్‌బాక్స్‌లో రాయండి. టోపీ, నీళ్ల సీసా తెచ్చుకోండి, గడ్డపారలు మా దగ్గరున్నాయి.

మా రాయికి నాయన సున్నం పూశాడు. రోజూ పొద్దున పోయి చూసి వస్తున్నాడు, ఎవరైనా పెరికారేమోనని. అప్పీలు విచారణ రెండుసార్లు వాయిదా పడింది, మూడో తేదీ ఇంకా ఇవ్వలేదు.

వచ్చే భాగంలో పేటల ఇళ్ల స్థలాలు, గ్రామకంఠం, స్వామిత్వ డ్రోన్ సర్వే గురించి రాస్తా.

జై భీమ్.