ఆక్సైడ్ ఉపరితలంపై లోహ పరమాణువు: పొరుగు నిర్ణయించే అయస్కాంతత్వం

ఒక లోహానికి అయస్కాంతత్వం ఎంత ఉన్నదనే ప్రశ్నకన్న, ఆ అయస్కాంతత్వం ఒకే దిశను ఎంతకాలం పట్టి ఉంచగలదనే ప్రశ్న లోతైనది. హైదరాబాద్‌ కంచన్‌బాగ్‌లో ఉన్న రక్షణ లోహశాస్త్ర పరిశోధనశాల (డీఎంఆర్‌ఎల్) సమేరియం-కోబాల్ట్ శాశ్వతాయస్కాంతాలపై చేసిన కృషికి మూలం ఈ ప్రశ్నే. 2023 మేలో విశాఖపట్నంలో జాతికి అంకితమైన కర్మాగారం లక్ష్యమూ ఆ అయస్కాంతాల ఉత్పత్తే. ఇదే ప్రశ్నను ఆక్సైడ్ పొరపై ఒంటరిగా నిలిచిన పరమాణువు విషయంలో పరిశీలిస్తే దాని మూలసూత్రం మరింత స్పష్టమవుతుంది.

అయస్కాంత భ్రామకం ఒకానొక అక్షం వెంట నిలవడానికే మొగ్గు చూపే గుణాన్ని విషమదైశికత అంటారు. ఎలక్ట్రాన్ స్పిన్‌కు తనంతట తానుగా దిశాభేదం లేదు. పొరుగు పరమాణువుల విద్యుత్ క్షేత్రానికి ఎలక్ట్రాన్ కక్ష్య లోబడగా, స్పిన్-కక్ష్యా బంధం ద్వారా ఆ ప్రభావం స్పిన్‌కు సంక్రమిస్తుంది. ఘనలోహంలో కోబాల్ట్ పరమాణువును తోటి పరమాణువులు అన్నివైపులా చుట్టుముట్టడంతో దాని కక్ష్యా భ్రామకం చాలావరకు అణగిపోతుంది.

మెగ్నీషియం ఆక్సైడ్ పలుచని పొరపై పరిస్థితి వేరు. అక్కడ కోబాల్ట్ పరమాణువు ఒక ఆక్సిజన్ పరమాణువుకు సరిగ్గా పైన కుదురుకొంటుంది. బంధం ప్రధానంగా నిలువు దిశలోనే ఉన్నందున స్వేచ్ఛా పరమాణువుకుండే కక్ష్యా భ్రామకం నిలిచి ఉంటుంది. 2014లో ప్రచురితమైన ప్రయోగాల్లో ఈ పరమాణువు విషమదైశికతకు సంబంధించిన శక్తి అంతరం సుమారు 58 మిల్లీ ఎలక్ట్రాన్ వోల్టులని తేలింది. 3డి కక్ష్యల లోహాలకు ఇది సైద్ధాంతిక గరిష్ఠానికి చేరువ.

అయితే శక్తి అవరోధం ఎత్తుగా ఉన్నంత మాత్రాన స్థిరత్వం సిద్ధించదు. ఆక్సైడ్ పొరకు అడుగున ఉండే ఆధార లోహంలోని వాహక ఎలక్ట్రాన్లు, జాలక ప్రకంపనలు, క్వాంటం సొరంగ ప్రభావం భ్రామకాన్ని తలకిందులు చేయగలవు. 2016లో ఇదే ఆక్సైడ్‌పై హోల్మియం పరమాణువులు 10 కెల్విన్ వద్ద సుమారు 1500 సెకన్లపాటు తమ దిశను నిలుపుకొన్నట్లు వెల్లడైంది. అయస్కాంతత్వాన్ని మోసే 4ఎఫ్ ఎలక్ట్రాన్లు పరమాణువు లోపలి పొరల్లో రక్షణ పొంది ఉండడం, విద్యుద్బంధకమైన ఆక్సైడ్ వాహక ఎలక్ట్రాన్లను దూరంగా ఉంచడం ఇందుకు తోడ్పడ్డాయి. మరుసటి ఏడాది ఇటువంటి పరమాణువుల్లో సమాచారాన్ని రాయడం, చదవడం కూడా సాధ్యమైంది.

సమేరియం-కోబాల్ట్ అయస్కాంతంలోనూ సమేరియం 4ఎఫ్ ఎలక్ట్రాన్లు దిశను బిగించి పట్టుకోగా, కోబాల్ట్ పరమాణువుల పరస్పర బంధం ఆ క్రమాన్ని 700 డిగ్రీల సెల్సియస్ దాటినా చెదరనివ్వదు. ఒంటరి పరమాణువుకు అటువంటి తోడు లేదు. అందుకే దానికి తీవ్రమైన శీతలత అవసరమవుతోంది. కాబట్టి మేలైన అయస్కాంతాన్ని రూపొందించడమంటే లోహాన్ని ఎంచుకోవడం మాత్రమే కాదు, దానికి తగిన పొరుగును కూడా అమర్చడం.